దొరసాని చేపని రోజు

ఆమెకు అసలు పేరు ఒకటి ఉండేది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చి, చివరికి ఎవరైనా చీటీ చూసి ఆ పేరు చదివితే ‘ఎవర్నబ్బా పిలుస్తున్నారు’ అని ఆమే వెనక్కి తిరిగి చూసే దాకా వచ్చింది. వీధి మొత్తానికి ఆమె ఊదత్త.

ఊదత్త పాలు పితికేది. లారీలు బాగుచేసే షాపుల వెనక, రేకులు కప్పిన పొడవాటి షెడ్డులో రెండు వరసల ఆవులు ఉండేవి. పెద్దయజమాని ఉన్నప్పుడు పనిలో చేరింది. ఆయన పోయాక షెడ్డు కొడుకు చేతికొచ్చింది. ఆ కొడుక్కి జుట్టు సగం నెరిసినా ఊదత్తకు మాత్రం ఇంకా చిన్నయజమానే. ఆమె అతన్ని ‘అబ్బాయ్’ అనేది, అతను ఆమెను ‘అత్తా’ అనేవాడు. కోపం ముంచుకొచ్చినప్పుడు కూడా ఆ వరస తప్పేవాడు కాదు. ‘అత్తా, నీకసలు బుద్ధుందా’ అని కేకలేసేవాడు.

దగ్గర కూర్చుని పొదుగు పట్టుకున్నంత మాత్రాన ఆవు పాలివ్వదు. అది చేపాలి. అంటే తనంతట తాను పాలు కిందికి దించాలి. దూడ వచ్చి నాలుగు గుద్దులు గుద్దితే దించుతుంది, నచ్చిన చెయ్యి తగిలితే దించుతుంది. వద్దనుకుందంటే బిగబట్టుకుని నిలబడుతుంది. కొట్టినా తిట్టినా చుక్క రాలదు. అలాంటి మొండి ఆవులను దారికి తెచ్చే విద్య ఊదత్త దగ్గర ఉండేది.

అది ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. పనిలో చేరిన కొత్తలో ఒక ఆవు దూడ చచ్చిపోయి, చేపడం మానేసింది. షెడ్డులో పెద్దయజమాని గొణుగుడు, ఇంటికెళ్తే మొగుడి సణుగుడు. ఒకనాడు ఊదత్తకు ఒళ్లు మండిపోయి ఆవు కొమ్ములు రెండూ పట్టుకుని, ముక్కుకు ముక్కు ఆనించి, మొగుణ్ని తిట్టాలనుకున్న తిట్లన్నీ ఆవును తిట్టింది. తిట్టీ తిట్టీ ఊపిరందక, అలాగే నిలబడి దాని ముక్కులోకే రొప్పింది. ఆవు చెవులు వాల్చింది. మెడ చాపి ఆ గాలిని పీల్చింది. పొదుగు నుంచి పాలు వాటంతటవే బొట్లు బొట్లుగా రాలాయి. “మొగుడి మీద కోపం ఇంకా బోలెడు మిగిలే ఉంది గానీ, బకెట్టు నిండిపోయిందమ్మా!” అని ఆ కథ చెప్పిన ప్రతిసారీ నవ్వేది.

తర్వాత తిట్లు వదిలేసి గాలి ఒక్కటే ఉంచుకుంది. రెండు అరచేతులూ ఆవు మూతి చుట్టూ దోసిలిలా పట్టి, ముక్కు రంధ్రాల్లోకి మెల్లగా, వెచ్చగా ఊదేది. ఆమె వదిలిన గాలి ఆవు పీల్చేది, ఆవు వదిలిన గాలి ఆమె పీల్చేది. కాసేపటికి ఆ రెండు ఊపిరులూ ఒకే తూగులో పడేవి. అప్పుడు వంగి పొదుగు ముట్టుకుంటే చాలు. అలా ఆమె ఊదత్త అయింది.

మొండి ఆవులన్నిటిలోకీ మొండిది దొరసాని. తొలిచూలు ఆవు. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద తెల్లమచ్చ, ఎవరింటికో వచ్చిన పెద్దింటి చుట్టంలా నిలబడే తీరు. రోజూ ఊదితే తప్ప చేపేది కాదు. “దీనికి ఉదయం ఒక దండం, సాయంత్రం ఒక దండం. ఇంత మర్యాద మా అత్తగారికి కూడా చెయ్యలేదు నేను,” అనేది ఊదత్త.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. గడ్డి దులిపినప్పుడు వచ్చేది, తర్వాత గడ్డి దులపకపోయినా వచ్చేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాస్త వెచ్చబడేది. వేలి ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకుంది. ఇంట్లో ఉండేది కోడలూ, ఇంకా మాటలు సరిగా రాని మనవడూ. కొడుకు లారీ మీద పోతే వారాల తరబడి రాడు. కోడలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది.

“అత్తయ్యా, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. మనిషి సగమయ్యారు,” అంది కోడలు.

“సన్నబడాలని జనం పొద్దున్నే పరుగులు తీస్తున్నారు. నాకు ఊరికే వచ్చింది, ఎందుకు పోగొట్టుకుంటా?”

అలా మాట దాటేసేది. మందుల షాపుకు వెళ్లి దగ్గు సిరప్పు తెచ్చుకునేది. ఒకసారి పెద్దాసుపత్రికీ వెళ్లింది. అక్కడ వరస పెద్దది. లోపలున్న కుర్ర డాక్టరు తలెత్తకుండానే సిరప్పు రాసిచ్చాడు. ఏం పని చేస్తావని అడగలేదు, ఈమే చెప్పలేదు.

పాలు పితికేటప్పుడు మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకునేది. నోరు తెరవమని, పొదుగు నుంచి నేరుగా వాడి నోట్లోకి పాలధార కొట్టేది. వాడు సగం మింగి సగం మెడ మీద కార్చుకుని కిలకిలా నవ్వేవాడు. కోడలు వద్దంటే, “ఆవు కడుపులో కాగినవే కదే, వెచ్చగానే ఉన్నాయి,” అనేది.

పాలు కొనే కేంద్రంవాళ్లు ఆవులన్నిటికీ పరీక్షలు చేయించాల్సిందేనని పట్టుబట్టడంతో, పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ స్కూటరు మీద వచ్చింది. చిన్న వయసు. ఒక్కో ఆవుకూ మెడ మీద అరచేతి మేర వెంట్రుకలు గొరిగి, చర్మం ఎంత మందముందో కొలిచి, చిన్న సూదిమందు వేసింది. మళ్లీ మూడో రోజున వచ్చి చూస్తానంది. ఒంట్లో క్షయ క్రిములు ఉన్న ఆవుకైతే సూది పడ్డచోట వాస్తుందట.

మూడో రోజు దొరసాని మెడ మీద నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. కొలవబోతే అది దగ్గరికి రానివ్వలేదు. తాడు తెంపుకునేలా గింజుకుంటూ, డాక్టరమ్మ చెప్పును తొక్కేసింది.

చిన్నయజమాని గర్వంగా నవ్వాడు. “ఉండండి డాక్టరమ్మా, మా అత్త ఉంది. అత్తా, ఒక్కసారి ఊదు. డాక్టరమ్మ కూడా చూస్తుంది.”

ఊదత్త చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. దొరసాని మూతిని దోసిట్లో పట్టి ఊదింది. ఆవు సద్దుమణిగింది. డాక్టరమ్మ కొలత తీసుకుంటోంది. రెండో ఊపిరి వదలబోతుండగా ఊదత్తకు దగ్గు పొంగుకొచ్చింది. మొహం తిప్పుకునే వ్యవధి లేదు. దొరసాని ముక్కుమీదే దగ్గింది, ఒకసారి కాదు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

డాక్టరమ్మ చేతిలో కొలత పరికరం అలాగే ఆగిపోయింది.

“ఈ దగ్గు ఎన్నాళ్లనుంచమ్మా?”

“దగ్గేం కాదు డాక్టరమ్మా, గడ్డి దుమ్ము. ఈ షెడ్డులో దగ్గనిదెవరు? మొన్న ఎలుక కూడా దగ్గింది.”

డాక్టరమ్మ నవ్వలేదు. “ఇలా ఏయే ఆవులకు ఊదుతారు?”

ఆ ప్రశ్న చిన్నయజమానికి మెప్పులా వినిపించింది. తానే చెప్పాడు. “మొండివాటికేనండీ. దీనికైతే రోజూ. ఆ మూలనున్న దానికీ, దాని పక్క తెల్లదానికీ అప్పుడప్పుడు.”

డాక్టరమ్మ ఆ రెండింటి దగ్గరికీ వెళ్లింది. వాటి మెడల మీద కూడా వాపు ఉంది, దొరసానికంత లేదు. మిగతా వరసంతా చూసుకుంటూ వచ్చింది. ఇంక ఏ ఆవుకూ లేదు. చిన్నయజమాని మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. ఊదత్త తన రెండు అరచేతులనూ చూసుకుంది. ఎవరూ ఏమీ అనకముందే ఆమెకు అర్థమైంది.

పశువుల ఆసుపత్రికీ పెద్దాసుపత్రికీ మధ్య ఉన్నది ఒక రోడ్డు. డాక్టరమ్మ ఆమెను వెంటబెట్టుకుని తానే ఆ రోడ్డు దాటింది. ఊపిరితిత్తుల డాక్టరు గదిలో ఇద్దరు డాక్టర్లూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏళ్ల తరబడి ఒకే బడ్డీకొట్టులో టీ తాగుతున్నా, పనిగా మాట్లాడుకోవడం వాళ్లకదే మొదటిసారట. గొడ్ల ఆసుపత్రిలో మనుషుల సంగతి అడగరు, మనుషుల ఆసుపత్రిలో గొడ్ల సంగతి అడగరు. ఈ జబ్బు మాత్రం ఆ రోడ్డు మీద అటూ ఇటూ ఎవరి అనుమతీ లేకుండా తిరుగుతూనే ఉంది.

కళ్లె పరీక్షలో క్షయ తేలింది. మాత్రలు మొదలయ్యాయి. దొరసానినీ ఆ రెండు ఆవులనూ విడిగా కట్టమనీ, వాటి పాలు ఎవరికీ పోయవద్దనీ, మళ్లీ పరీక్ష చేసేదాకా వాటిని అమ్మడం గానీ ఎక్కడికైనా తోలడం గానీ చేయవద్దనీ డాక్టరమ్మ చిన్నయజమానికి గట్టిగా చెప్పింది. మిగతా ఆవుల పాలైనా సరే, పొంగేలా కాచకుండా ఎవరూ నోట పెట్టకూడదంది.

మనవడికి జబ్బు లేదని చెప్పారు. కానీ పసివాడు, ఇంట్లో దగ్గే మనిషి ఉంది, పచ్చిపాలు తాగాడు. అందుకని ముందుజాగ్రత్తగా వాడూ నెలల తరబడి మందు తాగాలన్నారు. కోడలు మాత్ర నలిపి, చెంచాలో కలిపి, వాణ్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని నోట్లో పోసేది. వాడు దాన్ని బుగ్గన దాచుకుని, ఆమె అటు తిరగగానే ఉమ్మేసేవాడు. నేల మీద ఆ తడి మరక చూసి ఆమె ఏడ్చేది. కడుపులోకి సగమైనా పోయిందా, మళ్లీ పొయ్యాలా, పోస్తే ఎక్కువవుతుందా అని ఆ మరక పక్కనే కూర్చునేది. రాత్రి వాడు నిద్రలో ఒక్కసారి దగ్గితే చాలు, లేచి దీపం వేసేది. వీధివైపు గదిలో కిటికీ తెరుచుకుని వేరుగా పడుకున్న ఊదత్తకు ఆ దీపం వెలుగు తలుపు సందులోంచి కనిపించేది. కోడలు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేదని ఊదత్తకు అనిపించేది.

వీధిలో మాత్రం ఒకటే చర్చ. ఆవు నుంచి ఈమెకు వచ్చిందా, ఈమె నుంచి ఆవుకు పోయిందా? షెడ్డువాళ్లు తప్పు ఈమె మీద పెట్టారు, వీధివాళ్లు ఆవు మీద పెట్టారు. ఊదత్త డాక్టరమ్మనే అడిగింది.

“మనుషుల్లో ఎక్కువుండే రకం ఒకటి, పశువుల్లో ఎక్కువుండే రకం ఒకటి. రెండూ అటూ ఇటూ దూకగలవు. ఏ రకమో పెద్ద ల్యాబులో తేలాలి, దానికి టైం పడుతుంది. మీవైపు నుంచే అయ్యుండొచ్చని నా అనుమానం. మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఉందా?”

మొగుడు పోయేముందు చాన్నాళ్లు దగ్గాడు. ఆ క్రిమి ఒంట్లో ఏళ్లకేళ్లు నిద్రపోయి లేవగలదని డాక్టరమ్మ చెప్పింది.

“ఓహో. ఆ మహానుభావుడు నా పేరున ఆస్తేమీ రాయలేదని ఇన్నాళ్లూ తిట్టుకున్నా,” అంది ఊదత్త. ఆ మాటకు డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. తిట్టు నోటి నుంచి వెళ్తే తెలుస్తుంది, దెబ్బ చేతి నుంచి వెళ్తే తెలుస్తుంది. ఊపిరి వెళ్తున్నప్పుడు ఏం మోసుకెళ్తోందో ఎవరికి తెలుస్తుంది? తాను ఆ ఆవుకు ఇచ్చినదంతా ప్రేమేననుకుంది. ప్రేమ కూడా అందులో ఉంది, అబద్ధం కాదు. రెండూ ఒకే గాలిలో కలిసే వెళ్లాయి.

షెడ్డులో పని పోయింది. నెల దాటింది. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. ఇప్పుడు ఆమె నుంచి ఎవరికీ అంటదని, అయినా కోర్సు పూర్తయ్యేదాకా మందు ఆపవద్దని ఆసుపత్రిలో చెప్పారు. ఆకలి పుట్టినా చేతులకు పని లేదు. పితికే వేళకు వేళ్లు వాటంతటవే మూసుకుని తెరుచుకునేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం చిన్నయజమాని గుమ్మంలోకి వచ్చాడు. కోడలు మిషను ఆపింది.

“అత్తా, ఒక్కసారి షెడ్డుకు రా. ఇన్నాళ్లూ దాణా పెట్టి మరిపించి ఎలాగో పితికించా. దొరసాని నిన్నటి నుంచి అసలు చేపడం లేదు. కొత్తవాణ్ని తన్నేసింది.”

“నన్ను రావద్దన్నారుగా?”

“అంటదని డాక్టరే చెప్పాడుగా. మాస్కు కట్టుకునే రా.” అతను గుమ్మం కమ్మీ గోకుతూ నిలబడ్డాడు. “దాన్ని కొనడానికి వచ్చారు. పితికి చూపిస్తే గానీ తోలుకెళ్లరు.”

“అమ్మొద్దని డాక్టరమ్మ...”

“డాక్టరమ్మకేం, స్కూటరెక్కి పోతుంది. మళ్లీ పరీక్షలో వాస్తే దీన్ని ఏం చేయమంటారో తెలుసా నీకు? చంపమంటారు. అక్కడికెళ్తే బతుకుతుంది. నువ్వు పెంచిన ఆవేగా, నీకు అక్కర్లేదా? ఇది అయిపోతే రేపట్నుంచి నువ్వు పనిలోకి వచ్చెయ్.”

ఊదత్త కోడలివైపు చూసింది. కోడలు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కడంలేదు. ఊదత్త మాస్కు కట్టుకుని అతని వెంట నడిచింది. ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. ఆవు బతుకుతుందన్న మాట ఒక్కటే చెవిలో మోగుతోంది.

దొరసాని ఆమె అడుగుల చప్పుడు విని దూరం నుంచే తల తిప్పింది. మెడకు వెడల్పాటి కొత్త తోలుపట్టీ, దానికి గంటలు. ఇంతకుముందు లేదు. పొదుగు బిగిసి మెరుస్తోంది. పక్కన ఒక యువజంట. భార్య చంకలో పిల్లాడు, ఊదత్త మనవడంతవాడు. వాడి చేతిలో చిన్న స్టీలు గ్లాసు. దాన్ని కొరుకుతూ ఆవును చూస్తున్నాడు.

“ఈ పెద్దమ్మేనా?” అంది ఆ అమ్మాయి. “చేపితే మా వాడికి ముందు ఒక్క గుక్క పట్టిస్తామండీ. ఇంటి దగ్గర్నుంచి గ్లాసు వదలకుండా తెచ్చుకున్నాడు.”

“ఒక్క గుక్కేంటమ్మా, గ్లాసుడు తాగుతాడు,” అన్నాడు చిన్నయజమాని. “కానీ అత్తా.”

ఊదత్త దొరసాని ఎదుట నిలబడింది. ఆవు మూతి ముందుకు చాపి, గాలి కోసం ఎదురుచూసింది. మాస్కును ముక్కుతో తోసింది. ఊదితే పాలు దిగుతాయి. పాలు దిగితే ఆవు బతుకుతుంది, తనకు పనీ దొరుకుతుంది. ఆ గ్లాసూ నిండుతుంది. ఆ తర్వాత ఎక్కడో ఒక ఇంట్లో ఈ అమ్మాయి పిల్లాణ్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని చెంచా పట్టుకుని కూర్చుంటుంది. అదీ జబ్బని ఎవరైనా చెప్తేనే. ఎవరూ చెప్పకపోతే, వాడెందుకు సన్నబడుతున్నాడో తెలియక రాత్రులు దీపం వేసుకుని కూర్చుంటుంది.

ఊదత్త చెయ్యి దోసిలి పట్టలేదు. ఆవు మెడకున్న తోలుపట్టీని పైకి జరిపింది. గంటలు మోగాయి.

“అమ్మాయ్, ఆ గ్లాసు సంచిలో పెట్టు. ఇలా వచ్చి చూడు. ఇక్కడ గొరిగారు, వెంట్రుకలు ఇంకా సరిగా రాలేదు. క్షయ పరీక్ష చేశారు. ఇంత వాచింది.”

“అత్తా!”

“నాకూ ఉంది ఆ జబ్బు. మాత్రలు మింగుతున్నా. దీని ముక్కులో రోజూ ఊదింది నేనే.”

పిల్లాడి తండ్రి చిన్నయజమాని వైపు తిరిగాడు. “ఏంటండీ ఇది?”

“ముసలిదానికి మతి చెడింది. పనిలోంచి తీసేశానని కక్ష.”

“మతి చెడితే మాత్రలెందుకిస్తారు అబ్బాయ్, ఊపిరితిత్తులకి?” అంది ఊదత్త. “పోనీ, రోడ్డు మీదికెళ్లి పశువుల ఆసుపత్రిలో అడగమను. అబద్ధమైతే ఈ ఆవును నా నెత్తిన మోసుకెళ్లి వాళ్లింట్లో దింపుతా.”

ఆ అమ్మాయి అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేసింది. పిల్లాడి చేతిలో గ్లాసు లాక్కుంటే వాడు ఏడుపందుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, “పెద్దమ్మా, మా ఇంట్లో ఇంకో ఆవుంది. దాని పాలు పచ్చివే పడుతున్నాం వీడికి. దానికీ ఈ పరీక్ష చేస్తారా?” అని అడిగింది.

“చేస్తారు. స్కూటరమ్మ అని అడుగు. అప్పటిదాకా పొంగేలా కాచి పట్టు.”

వాళ్లు వెళ్లిపోయారు. చిన్నయజమాని దాణా తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

“నా తండ్రి కాలంనుంచి ఈ షెడ్డులో తిన్నావు. రేపు దీన్ని చంపితే ఆ పాపం నీదే అత్తా.”

“నాదేలే,” అంది ఊదత్త. “మళ్లీ పరీక్షలో వాపు రాకపోనూవచ్చు. వస్తే మాత్రం నాదే.”

ఆమె వెళ్లిపోలేదు. దొరసాని బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ మూలిగింది. పొదుగు అలాగే వదిలేస్తే జ్వరం తగిలి గడ్డలు కడుతుంది. అది ఇద్దరికీ తెలుసు.

“నన్ను ముట్టుకోమనకు,” అంది ఊదత్త గుమ్మం దగ్గరికి జరిగి. “నువ్వే కూర్చో. వేడినీళ్లలో గుడ్డ ముంచి పొదుగుకు పట్టు. అంత వేడి కాదు, చెయ్యి ఓర్చుకునేంత. పైనుంచి కిందికి. గుద్దొద్దు, నిమురు. మాట్లాడుతూ ఉండు దాంతో.”

“ఏం మాట్లాడను?”

“నన్ను తిట్టు. నీకు కడుపు నిండా ఉన్నాయిగా.”

అతను మొదట గొణిగాడు. తర్వాత గొంతు పెంచాడు. ముసలిది కొంప ముంచిందన్నాడు, మేలు చేస్తే ఇదా బదులన్నాడు. ఊదత్త గుమ్మానికి ఆనుకుని వింటూ, మధ్యమధ్య “చెయ్యి ఆపకు” అంటూ ఉంది. గుడ్డ చల్లారితే మళ్లీ ముంచమంది. అతని తిట్లలో వేడి తగ్గి, గొంతులో జీర వచ్చేసరికి బకెట్టు అడుగున ధార చప్పుడు వినిపించింది. సన్నగా మొదలై, కాసేపటికి నిండుగా.

పితకడం అయ్యాక అతను బకెట్టు పట్టుకుని లేచాడు. నురుగు అంచు దాటుతోంది.

“పారబొయ్యాల్సిందేనా?”

“పారబొయ్యాలి.”

షెడ్డు వెనక, ఈ పాలు పొయ్యడానికే డాక్టరమ్మ తవ్వించి సున్నం చల్లించిన గొయ్యి ఉంది. ఊదత్త ముందు నడిచి, పైనున్న చెక్క పక్కకు లాగింది. అడుగున సున్నం పొడిపొడిగా, చల్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చుక్క తడి లేదు. ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది.

“కేంద్రానికి వెయ్యలేదు అత్తా, నిజం. టీకొట్టుకు పోశాను. వాళ్లు మరిగిస్తారుగా...”

ఊదత్త చెక్కను ఇంకాస్త వెనక్కి లాగి, అతని కాలికి తగలకుండా పట్టుకుంది. అతను బకెట్టు వంచాడు. పాలు సున్నంలోకి మెల్లగా ఇంకుతున్నాయి. సగంలో అతని చెయ్యి ఆగింది.

“ఇంకా ఉన్నాయి. పొయ్యి,” అంది ఊదత్త.